పులుపు నీళ్లను ఓ పట్టాన వదలదు

మాగాయ పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకి ఎక్స్‌ట్రాక్షన్ అనే పాఠం సగం వచ్చేసినట్టే. జాడీలో పైకి తేలిన నూనె చూడండి. కారం రంగంతా అందులోకి ఎక్కి ఎర్రగా మెరుస్తుంటుంది. పులుపు మాత్రం రాదు, కింద ముక్కలోనూ ఊటలోనూ ఉండిపోతుంది. మామిడికాయ పులుపంటే ముఖ్యంగా సిట్రిక్ యాసిడ్, మాలిక్ యాసిడ్. వీటికి నీళ్లతో ఉన్న చుట్టరికం నూనెతో లేదు.

ఆ పులుపుని నూనెలోకి రప్పించే పద్ధతి ఒకటుంది. పేరు రియాక్టివ్ ఎక్స్‌ట్రాక్షన్. సీఎస్‌ఈ మిత్రులు స్క్రోల్ చేసి వెళ్లిపోకండి, ఈక్వేషన్లు పెట్టను.

దీని మీద నాకింత ఆసక్తి ఎందుకంటే, మాది తిరువూరు. ఇటు విస్సన్నపేట, అటు నూజివీడు దాకా మామిడి తోటలే. మనం కలెక్టర్ కాయ అనేదాన్నే చిత్తూరు వైపు తోతాపురి అంటారు, అక్కడ గుజ్జు ఫ్యాక్టరీలకి వెళ్లేది అదే. 2025 సీజన్లో అక్కడ దాని ధర ఎంతగా పడిపోయిందంటే, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. కొనేవాడు లేని పండులోనూ చక్కెర ఉంటుంది కదా. ఆ చక్కెర తిని లాక్టిక్ యాసిడ్ చేసిపెట్టే బ్యాక్టీరియా ఉంది, మన పెరుగు పులిసేది ఆ జాతి వల్లే. లాక్టిక్ యాసిడ్ నుంచి పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ చేస్తారు. చెరకు చక్కెరతో పీఎల్‌ఏ చేసే ఫ్యాక్టరీని ఉత్తరప్రదేశ్‌లో పెడుతున్నామని బలరాంపూర్ చీనీ మిల్స్ 2024లో ప్రకటించింది.

మరి మనకేం అడ్డం? యాసిడ్ తయారవడం కష్టం కాదు, దాన్ని బయటికి తీయడమే కష్టం. పులిసిన ద్రవం లీటరు తీసుకుంటే అందులో యాసిడ్ ఏ వంద గ్రాములో ఉంటుంది. మిగతాదంతా నీళ్లు, మిగిలిన చక్కెర, ప్రొటీన్లు, చచ్చిన కణాలు. మరిగించేద్దామా అంటే అన్ని నీళ్లు ఆవిరి చేయడానికి ఇంధనం ఎవరిస్తారు? పైగా చిక్కబడేకొద్దీ లాక్టిక్ యాసిడ్ అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చెత్త కూడా దాంతోపాటే మిగులుతుంది.

పాత పద్ధతి సున్నం. సున్నం కలిపితే కాల్షియం లాక్టేట్ వస్తుంది, దానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే మన యాసిడ్ విడిపోతుంది. బాగానే ఉంది కానీ టన్ను యాసిడ్‌కి దాదాపు టన్ను జిప్సం పోగుపడుతుంది. ప్లాస్టిక్ చెత్త తగ్గిద్దామని బయల్దేరి జిప్సం గుట్ట మిగల్చడం నాకైతే నచ్చలేదు.

ఇక్కడే అమైన్ రంగంలోకి దిగుతుంది. ట్రైఆక్టైల్ అమైన్ అంటే నైట్రోజన్ చుట్టూ ఎనిమిదేసి కార్బన్ల తోకలు మూడు. తోకల వల్ల అది నూనెలోనే ఉంటుంది, నీళ్లలోకి దిగదు. నైట్రోజన్ మాత్రం యాసిడ్ కనబడితే పట్టుకుంటుంది. దాన్ని ఆక్టనాల్ లాంటి సాల్వెంట్‌లో కలిపి, పులిసిన ద్రవంతో సెపరేటింగ్ ఫనెల్‌లో వేసి కుదిపితే, రెండు పొరలూ కలిసే గీత దగ్గర అమైన్ యాసిడ్‌ని అందుకుని పైపొరలోకి లాక్కుపోతుంది. ఆక్టనాల్ బదులు ఉత్త కిరోసిన్ వాడితే ఆ జంట సరిగా కరగదు, మధ్యలో మూడో పొర కట్టి విసిగిస్తుంది.

ఎంత లాగిందో తెలియడానికి కింది పొరని సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే చాలు, ఫస్టియర్‌లో అందరం చేసిందే. సమతుల్యంలో పైపొరలో యాసిడ్ గాఢత కిందదానికి మూడు రెట్లు ఉందనుకోండి. రెండు పొరలూ సమానంగా తీసుకుంటే ఒక్కసారికి 75 శాతం వచ్చేస్తుంది. మిగిలిన నీళ్లకి తాజా సాల్వెంట్ పోసి మళ్లీ చేస్తే మొత్తం దాదాపు 94.

ఇంతవరకూ సాఫీగానే ఉంది. అసలు పేచీ పీహెచ్ దగ్గర. అమైన్‌కి కావాల్సింది ప్రోటాన్ ఊడిపోని పూర్తి యాసిడ్. లాక్టిక్ యాసిడ్ పీకేఏ 3.86. ద్రవం పీహెచ్ కూడా అంతే ఉంటే సగం యాసిడ్ పూర్తిగా ఉంటుంది. 5.86కి పెరిగితే మిగిలేది ఒక్క శాతమే. కానీ బ్యాక్టీరియాకి హాయిగా ఉండేది ఆరు చుట్టుపక్కలే. పులవబెడుతూనే యాసిడ్ తీసేద్దామంటే ఒకరికి నచ్చిన పీహెచ్ రెండోవారికి పనికిరాదు. అదీకాక ఆక్టనాల్ తగిలితే బ్యాక్టీరియా బతకడం కష్టం.

రెండో పేచీ విడిపించడం. అమైన్ గట్టిగా పట్టుకుంటే బాగా లాగుతుంది, కానీ తర్వాత వదలదు. సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే వదులుతుంది గానీ చేతికొచ్చేది లాక్టిక్ యాసిడ్ కాదు, సోడియం లాక్టేట్. దాన్ని మళ్లీ యాసిడ్ చేయాలంటే ఇంకో యాసిడ్ పోయాలి, ఇంకో లవణం మిగులుతుంది. అంటే తిరిగి జిప్సం కథే. అందుకే ట్రైమిథైల్ అమైన్ నీళ్లతో కడిగే దారి నాకు నచ్చింది. అది యాసిడ్‌ని నీళ్లలోకి తెచ్చుకుంటుంది, తర్వాత వేడిచేస్తే తాను ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని పట్టి మళ్లీ వాడుకోవచ్చు. వాసన మాత్రం కుళ్లిన చేపలదే, ఫ్యూమ్‌హుడ్ లేకుండా సీసా మూత తీయకండి.

ఉప్పు మిగలకుండా, సాల్వెంట్ పోకుండా ఈ చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందన్నదే లెక్క. అదీ కాయ దిగే రెండు నెలల కోసం కాదు, ఏడాది పొడుగునా నడిచేలా తిరగాలి.