ఎండసీమ నుంచి హిమశిఖరాలకు

కర్నూలు, కడప ప్రాంతాల పేరు వినగానే నల్లరేగడి చేలు, వాన కోసం ఆకాశం వైపు చూసే రైతులు, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలు గుర్తుకు వస్తాయి. ఇక్కడివారికి మంచు కంటితో చూసి ఎరిగినది కాదు, విని ఎరిగినది. తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలు పట్టణం సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంది. అటువంటి కర్నూలుకు చెందిన తమ్మినేని భరత్ హిమాలయాలలోని తొమ్మిది మహోన్నత శిఖరాలను అధిరోహించడం తెలుగువారు గర్వించదగిన విషయం.

ప్రపంచంలో 8,000 మీటర్లకు మించిన పర్వతశిఖరాలు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో మానవుడు మొట్టమొదట జయించినది అన్నపూర్ణ. 1950లో ఫ్రాన్సు దేశీయులు దానిని అధిరోహించారు. 1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరంపై కాలుమోపారు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినదీ ఆ సంవత్సరంలోనే. పద్నాలుగు శిఖరాలనూ తొలిసారిగా పూర్తిచేసిన ఘనత ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్‌కు 1986లో దక్కింది.

భరత్ 2017లో ఎవరెస్టును అధిరోహించారు. ఆ తరువాతి సంవత్సరాలలో మనస్లు, ల్హోత్సే, అన్నపూర్ణ, కాంచనగంగ, మకాలు, శిశాపంగ్మా, ధవళగిరి శిఖరాలను చేరుకున్నారు. 2025 అక్టోబరు 14న చో ఓయు శిఖరాన్ని చేరి తొమ్మిదింటినీ పూర్తిచేశారు. ఈ ఘనత సాధించిన తొలి భారతీయుడిగా పత్రికలు ఆయనను ప్రశంసించాయి. బూట్స్ అండ్ క్రాంపాన్స్ అనే సంస్థను నెలకొల్పి, ఆయన ఇతరులకు కూడా పర్వతారోహణలో మార్గదర్శనం చేస్తున్నారు.

ఈ శిఖరాలను ఎక్కడం ఎందుకంత కష్టమో తెలిస్తే గాని ఈ విజయం విలువ బోధపడదు. ఎంత ఎత్తుకు పోయినా గాలిలో ప్రాణవాయువు పాలు ఇంచుమించు ఇరవై ఒక్క శాతమే. కాని పైకి పోయేకొద్దీ వాయుపీడనం తగ్గి గాలి పలుచబడుతుంది. ఎవరెస్టు శిఖరంపై వాయుపీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో మూడవ వంతు మాత్రమే. అందుచేత ఒక్కొక్క శ్వాసలో లభించే ప్రాణవాయువు కూడా అంతగా తగ్గిపోతుంది. నాలుగు అడుగులు వేయగానే ఆయాసం ముంచుకొస్తుంది. ఆకలి, నిద్ర నశిస్తాయి, ఆలోచన మందగిస్తుంది. 8,000 మీటర్లకు పైనున్న భాగాన్ని పర్వతారోహకులు మృత్యుమండలం అంటారు. అక్కడ ఎంత విశ్రాంతి తీసుకున్నా శరీరం కోలుకోదు, క్షణక్షణానికీ క్షీణిస్తుంది.

దీనికి విరుగుడు దేహబలం ఒక్కటే కాదు, ఓర్పు కూడా. ఆరోహకులు ఆధార శిబిరం నుంచి నేరుగా శిఖరానికి పోరు. కొంత ఎత్తు ఎక్కి, మళ్లీ కిందికి దిగి నిద్రిస్తారు. కొన్ని రోజుల తరువాత ఇంకొంత ఎత్తు ఎక్కి, తిరిగి దిగుతారు. ఇలా వారాల తరబడి చేయడం వలన రక్తంలో ఎర్రకణాలు పెరిగి, శరీరం పలుచని గాలికి అలవాటుపడుతుంది. తొందరపడినవారికి ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు, మెదడు వాచవచ్చు. అప్పుడు చేయవలసిన మొదటి చికిత్స వెంటనే కిందికి దిగడమే. ఎడారిలో పుట్టినవాడైనా, మంచులో పుట్టినవాడైనా ఈ నియమానికి కట్టుబడవలసిందే. అందుకే కర్నూలు ఎండలలో పెరగడం భరత్‌కు అడ్డంకి కాలేదు.

ఏ ఆరోహకుడూ ఒంటరిగా గెలవడు. మంచు పగుళ్లపై నిచ్చెనలు వేసేవారు, ప్రమాదకరమైన వాలుల వెంట తాళ్లు కట్టేవారు, బరువులు మోసేవారు చాలావరకు షెర్పాలే. శిఖరం చేరినవారి కీర్తిలో వారికీ భాగముంది.

శిఖరం చేరడంతో ప్రయాణం సగమే పూర్తవుతుంది. అలసిన కాళ్లతో దిగివచ్చేటప్పుడే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించిన సాహసి. అంతటి అనుభవశాలి కూడా 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు కోల్పోయారు. ఆకాశం మబ్బు పట్టినప్పుడు, శిఖరం కంటికి కనిపిస్తున్నా వెనుదిరగడం పిరికితనం కాదు. పర్వతారోహకుడు నేర్వవలసిన విద్యలలో అదే కఠినమైనది. ఇతరులను వెంట తీసుకుపోయే మార్గదర్శికి ఆ బాధ్యత మరింత పెద్దది.

భరత్ అధిరోహించిన తొమ్మిది శిఖరాలూ నేపాల్, టిబెట్టులలోనూ, వాటి సరిహద్దులలోనూ ఉన్నాయి. మిగిలిన ఐదూ పాకిస్థాన్ అధీనంలో ఉన్న ప్రాంతంలోనూ, చైనాతో దాని సరిహద్దుపైనా ఉన్నాయి. భారతీయులకు అక్కడ ప్రవేశం దుర్లభం. మంచునూ గాలినీ ఓర్పుతో జయించవచ్చు గాని, దేశాల మధ్య గీతలను దాటడం ఒక్క మనిషి చేతిలో లేదు.

నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చినది భువనగిరి బండపై. ఆమె 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టును అధిరోహించింది. రాళ్లకు రాయలసీమలో కొదవ లేదు. గండికోట వద్ద పెన్నా నది చీల్చిన రాతిగోడలు, ఓర్వకల్లు శిలలు, ఎర్రమల, నల్లమల కొండలు మన ఎదుటనే ఉన్నాయి. సరైన శిక్షణ, ఆగవలసిన చోట ఆగే వివేకం తోడైతే, మంచు ఎరుగని సీమ నుంచి కూడా హిమశిఖరాలకు దారి ఉంటుందని భరత్ జీవితం తెలియజేస్తున్నది.