షుగరు ఒకరికి, మార్పు ఇంటిల్లిపాదికీ

మా నాన్నగారికి షుగరు ఉందని తెలిసి పన్నెండేళ్లయింది. ఆ రోజు నుండి అమీర్‌పేటలోని మా ఇంట్లో అందరమూ ఆయనకు కాపలాదారులమయ్యాం. క్రిస్మస్ అరిసెల డబ్బా దాచేశాం. రెండోసారి అన్నం వడ్డించుకుంటే "మళ్లీనా?" అన్నాం. ప్రేమతోనే అన్నాం. కానీ ఆయన మాతో కలిసి భోజనానికి కూర్చోవడం తగ్గించేశారు.

పంజాగుట్టలోని స్నేహితులది మరో ధోరణి. "ఒక్క ముక్కకు ఏమీ కాదులే" అని కేకు చేతిలో పెట్టేవారు. వద్దంటే నొచ్చుకునేవారు. ఇంట్లో చీవాట్లు, బయట బలవంతం!

ఒక శుభ శుక్రవారం నాన్నగారు ఉదయం ఇన్సులిన్ తీసుకొని, ఎవరికీ చెప్పకుండా ఉపవాసమున్నారు. పంజాగుట్టలో ఆరాధన ముగిసి బయటకు రాగానే ప్రతిదానికీ విసుక్కోసాగారు. మేమూ మాటకు మాట అన్నాం. ఆయనకు చెమటలు పట్టడం, చేతులు వణకడం గమనించింది ఒక స్నేహితుడే. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు. దగ్గరలోని నిమ్స్‌కు తీసుకెళదామని ఆటో పిలిచాం. పావుగంటలో తేరుకున్నారు, తరువాత భోజనం పెట్టాం.

అది కోపం కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వేసుకొని తినకపోతే చక్కెర 70 కంటే తగ్గిపోవచ్చు. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఉపవాసముండదలచినవారు ముందుగా డాక్టరును అడగాలి. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఇన్సులిన్ వాడుతుంటే, గదిలో తోటివారికి ఆ సంగతి చెప్పి ఉంచాలి.

2021లో మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. అంటే మన వీధిలోనూ, మన సంఘంలోనూ ఇలాంటి కుటుంబాలు ఉంటాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఆయనకు వేరే వంట లేదు. అన్నం తగ్గించి, కూర, పప్పు పెంచి అందరమూ అదే తింటున్నాం. సాయంత్రం ఎవరో ఒకరం ఆయనతో నడుస్తాం. స్నేహితులు చక్కెర లేని టీ, గుప్పెడు వేయించిన శనగలు ఇస్తున్నారు. చీవాట్లు మానేశాక, నాన్నగారే తన షుగరు లెక్కల పుస్తకం తెచ్చి మాకు చూపిస్తున్నారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనూ షుగరున్నవారు ఉంటే కాపలా మాని, వారితో కలిసి భోజనానికి కూర్చోండి.