శాఖకు ముందే రాసిన గడువు

2014 ఏప్రిల్ 7న గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. అవతలివాళ్లు చెప్పిన డేటా పొడవు నిజమో కాదో సరిచూడని చిన్న కోడ్ ముక్క అది. దాని వల్ల ఎవరైనా సర్వర్ మెమరీలోంచి విడతకు 64 కిలోబైట్ల దాకా లాగేయగలిగారు. పాస్‌వర్డులు, రహస్య తాళాలు అందులో దొరికే వీలుంది. ఈ కథ చాలామందికి తెలుసు. తక్కువగా చర్చకు వచ్చిన సంగతి ఏమిటంటే, పూర్తిస్థాయిలో విడుదలైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ శాఖల్లో (వెర్షన్ వరుసల్లో) ఆ లోపం 1.0.1లోనే ఉంది, పాత 0.9.8, 1.0.0 శాఖలను అది తాకలేదు. అందరూ వాడుకునే లైబ్రరీకి కోడ్ ఎంత ముఖ్యమో, ఏ శాఖ ఎప్పుడు పుట్టి ఎప్పుడు ముగియాలన్న ప్రణాళికా అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్మడానికి మొదటి ఆధారం ఇదే.

అయితే పాతదే క్షేమం కదా అని ఎవరైనా అడగవచ్చు. 2022 నవంబరులోనూ అలాగే జరిగింది: 3.0.7తో సరిచేసిన తీవ్రమైన లోపాలు 1.1.1 శాఖలో లేవు. కానీ ఇంటర్నెట్ సంభాషణను గుప్తీకరించే ప్రోటోకాల్ టీఎల్‌ఎస్ 1.2కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో మద్దతు మొదట వచ్చింది 1.0.1లోనే. 0.9.8 దగ్గర ఆగినవాళ్లు హార్ట్‌బ్లీడ్‌ను తప్పించుకున్నారు గానీ మెరుగైన గుప్తీకరణకు దూరమయ్యారు. పైగా పాత శాఖ దానంతటది బతకదు. ప్రతి దిద్దుబాటునూ ఒక్కో శాఖకు విడిగా మలచాలి, విడిగా పరీక్షించాలి. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై నుంచి 1998లో పుట్టిన ఈ ప్రాజెక్టులో, 2005 నాటి 0.9.8కి దిద్దుబాట్లు ఎన్ని వచ్చాయంటే, వాటిని గుర్తించే ఇంగ్లిషు అక్షరాలు జెడ్‌తో అయిపోయి మళ్లీ జెడ్‌ఏ, జెడ్‌బీ అంటూ సాగాయి. ఆ బరువు మోసింది గుప్పెడుమంది. హార్ట్‌బ్లీడ్‌కు ముందు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఇంటర్నెట్‌లో అంత భాగం ఆధారపడిన పనికి అది దక్కిన ఆదరణ!

2014 డిసెంబరులో బృందం విడుదల విధానాన్ని ప్రకటించింది. కొన్ని వెర్షన్లను కనీసం ఐదేళ్లు కనిపెట్టుకుంటామని, మిగతావాటి గడువు తక్కువని ముందే చెప్పింది. 2015 చివరికి 0.9.8, 1.0.0 ముగిశాయి, 1.0.2కి 2019 చివరిదాకా గడువు దక్కింది. ఈ గడువులు ఎంత అవసరమో 2016లో వచ్చిన 1.1.0 చూపించింది. లోపలి నిర్మాణాలను బయటి ప్రోగ్రాములు నేరుగా ముట్టుకోకుండా అది దాచేసింది. మంచి పనే, కానీ ఎన్నో ప్రోగ్రాములను మార్చి రాయాల్సి వచ్చింది. లైనక్స్ పంపిణీ డెబియన్ 9 కొత్త 1.1.0తోపాటు 1.0.2నూ ఉంచుకోవాల్సి వచ్చింది. దీర్ఘకాలం బతికే శాఖ ఒకటి పక్కన లేకపోతే, అలాంటి మార్పు చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. 3.0 నుంచి నియమం ఇంకా స్పష్టమైంది: పొసగని మార్పులు మొదటి అంకె మారినప్పుడే రావాలి.

తరువాత విడుదలలు తేదీల ప్రకారం, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటిగా మారాయి. తేదీ తరుముతుంటే సగం ఉడికిన కోడ్ బయటికొస్తుందన్న అభ్యంతరం తేలిగ్గా తీసివేయదగ్గది కాదు. కానీ ఒత్తిడి ఎక్కువగా పుట్టేది తరువాతి విడుదల ఎప్పుడో తెలియనప్పుడు; ఈసారి తప్పితే ఏళ్లు ఆగాలన్న భయమే పచ్చి కోడ్‌ను లోపలికి తోస్తుంది. క్విక్ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌నే చూడండి. క్లయింట్ వైపు భాగం 2023 నవంబరులో 3.2తో వచ్చింది. సర్వర్ వైపు భాగం 2025 ఏప్రిల్‌లో 3.5 దాకా ఆగింది, మధ్యలో 3.3, 3.4 దానికోసం ఆగకుండా సమయానికి వచ్చాయి.

గడువు ముగిశాక పాత యంత్రాలవాళ్ల గతేమిటన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. కొందరికి డబ్బు చెల్లించి పొందే మద్దతు ఉంది, అందరికీ ఆ స్తోమత లేదు. ఆ నష్టం నిజమైనదే. అయినా 3.0 వాడుతున్న సంస్థకు 2026 సెప్టెంబరు 7న ఉచిత మద్దతు ఆగుతుందని ఐదేళ్ల ముందే తెలుసు. 2030 ఏప్రిల్ దాకా నిలిచే 3.5 కూడా ఆ గడువుకు ఏడాదికి పైగా ముందే చేతికొచ్చింది.