వర్తకంలో దాగిన కర్బనం: ఉద్గారాల బాధ్యత ఎవరిది?

1. ప్రవేశిక:

ఒక దేశంలో తయారైన ఉక్కు మరొక దేశంలో వంతెనగా నిలుస్తుంది. దాని తయారీలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం తయారుచేసిన దేశం లెక్కలోనే మిగిలిపోతుంది. ఇలా సరుకు తయారీలో వెలువడి, ఆ సరుకుతోపాటు కంటికి కనిపించకుండా సరిహద్దులు దాటేవాటిని ‘అంతర్నిహిత ఉద్గారాలు’ అనవచ్చు. వీటి బాధ్యత తయారీదారుదా, వినియోగదారుదా అన్నది వాతావరణ చర్చల్లో కీలకమైన ప్రశ్న.

2. రెండు లెక్కలు:

1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక, 1997 నాటి క్యోటో ఒప్పందం కింద దేశాలు సమర్పించే నివేదికలకు ఉద్గారం వెలువడిన ప్రదేశమే ప్రమాణం. వినియోగ ఆధారిత గణనలో ఎగుమతులలోని ఉద్గారాలను తీసివేసి, దిగుమతులలోని ఉద్గారాలను కలుపుతారు. ఆర్థికవేత్త వాసిలీ లియాంటీఫ్ అభివృద్ధి చేసిన ఉత్పాదక-ఉత్పత్తి పట్టికలు ఇందుకు ఆధారం. కారులోని ఉక్కు, ఆ ఉక్కు కోసం కాల్చిన బొగ్గు, ఆ బొగ్గును తవ్వడానికి వాడిన విద్యుత్తు - ఇలా ఉత్పత్తి శృంఖల మొత్తాన్ని ఈ పట్టికల ద్వారా గణించవచ్చు.

3. గణాంకాలు తెలిపే విషయం:

గ్లెన్ పీటర్స్, ఆయన సహపరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అంతర్జాతీయ వర్తక వస్తువుల తయారీలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్ 1990లో 430 కోట్ల టన్నులు. 2008 నాటికి 780 కోట్ల టన్నులు. ప్రపంచ ఉద్గారాలలో దీని వాటా 20 శాతం నుండి 26 శాతానికి చేరింది. అదే కాలంలో వర్ధమాన దేశాల నుండి సంపన్న దేశాలకు వర్తకం ద్వారా జరిగిన నికర ఉద్గార బదిలీ 40 కోట్ల టన్నుల నుండి 160 కోట్ల టన్నులకు పెరిగింది. కాబట్టి, స్వదేశంలో ఉద్గారాలు తగ్గినంత మాత్రాన ఆ దేశ వినియోగ భారం తగ్గినట్లు కాదు.

4. సరిహద్దు వద్ద వెల:

ఐరోపా సమాఖ్య కర్బన సరిహద్దు సర్దుబాటు విధానాన్ని 2023 అక్టోబరు 1న నివేదికల దశతో ప్రారంభించింది. 2026 జనవరి 1 నుండి ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దిగుమతులకు చెల్లింపు బాధ్యత మొదలైంది. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేసు మార్గంలో టన్ను ఉక్కుకు సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తుక్కును విద్యుత్ కొలిమిలో కరిగిస్తే ఇది ఎంతో తక్కువ. అందువల్ల బొగ్గుపై అధికంగా ఆధారపడే భారతీయ ఉక్కు పరిశ్రమకు ఇది గట్టి పరీక్ష. చట్టరీత్యా చెల్లించేది దిగుమతిదారుడే అయినా, ఆ భారం ధర రూపంలో ఎగుమతిదారునిపైనా పడగలదు. ఉత్పత్తి జరిగిన దేశంలో ఇప్పటికే చెల్లించిన కర్బన వెలకు మినహాయింపు ఉంది.

5. ముగింపు:

ఈ విధానంలో ఒక వైరుధ్యం ఉంది. వెలను వసూలు చేసేది వినియోగించే ప్రాంతం; ఉద్గారాన్ని తన ఖాతాలో రాసుకొనేది ఉత్పత్తి చేసే దేశం. వెల ఒకచోటికి, బాధ్యత మరొకచోటికి చేరినంతకాలం లెక్క సరైనదైనా న్యాయం అసంపూర్ణమే. వసూలైన సొమ్ములో కొంతైనా వర్ధమాన దేశాల కొలిముల మార్పిడికి చేరితే, ఒడంబడిక పేర్కొన్న ‘ఉమ్మడివే అయినా భిన్నమైన బాధ్యతలు’ అనే సూత్రానికి ఆచరణలో అర్థం చేకూరుతుంది.