తుడిచిన చేతులే గీసిన గీతలు

సౌదీ అరేబియా వెళ్ళే ముందు మా వీధి సోదరుడొకరు తన నల్లని కారును మాకు అప్పగించారు. “మౌలానా సాబ్, వారానికొకసారి ఇంజను స్టార్టు చేయించండి, చాలు” అన్నారు. అమానత్ గదా అని మేము అంతకంటె ఎక్కువే చేశాము. ప్రతిదినం ఫజ్ర్ నమాజు తరువాత పొడిగుడ్డతో కారంతా తుడిచాము. ఏడాదిన్నర గడిచింది. ఆయన రాకకు పది రోజులుందనగా, ఒక ఉదయం ఎండలో బానెట్ వైపు చూసి నిశ్చేష్టులమయ్యాము. సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్లు వేలాది సన్నని గీతలు! ఎవరూ కారును తాకలేదు. గీసినది మేమే.

దుమ్ములో దాగిన రాయి

మా హసన్‌పర్తి హనుమకొండ నుండి కరీంనగర్ వెళ్ళే రహదారిపై ఉన్నది. ఈ ప్రాంతం గ్రానైట్‌కు పేరుపడినది. రాళ్ళ లారీలు తిరిగే దారిలో లేచే ధూళి మెత్తని మట్టి మాత్రమే కాదు. గ్రానైట్‌లో స్ఫటికం ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో దాని స్థానం 7. అది గాజును సైతం గీయగలదు. ఇక కారు పూత సంగతి చూడండి. ఇనుప రేకుపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికంటె పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. సాధారణంగా ఆ పై పూత మందం 40, 50 మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక కంటె పలుచన. అటువంటి పూతపై పొడిగుడ్డతో ధూళిని రుద్దడం గరుకు కాగితంతో రుద్దడం వంటిదే.

నిజానికి గీతలు వలయాలుగా ఉండవు, అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి గనుక దీపం చుట్టూ వలయాలుగా తోస్తాయి. పీచుతో తోమిన స్టీలు పళ్ళాన్ని దీపం కింద పట్టి చూస్తే ఇది బోధపడుతుంది. నల్లని కారుపై మరింత స్పష్టంగా కనబడతాయి. తెల్లని కారుపై దాగి ఉంటాయి.

కడిగే పద్ధతి

పొడిగుడ్డ, ఈకల కుచ్చు ధూళి ఉన్న కారును తాకరాదు. ముందుగా నీటిని ధారగా పోసి ధూళిని వదిలించాలి. పిమ్మట రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు. మైక్రోఫైబర్ గుడ్డను షాంపూ నీటిలో ముంచి ఒక భాగం కడిగి, మంచినీటిలో జాడించి, తిరిగి షాంపూలో ముంచాలి. అప్పుడు మురికి రెండవ బకెట్ అడుగున చేరుతుంది గాని మళ్ళీ కారుపైకి ఎక్కదు. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. నేలపై పడిన గుడ్డను ఉతకనిదే తిరిగి వాడరాదు. పాత్రలు తోమే సబ్బు, పీచు పనికిరావు.

ఎండలో కడగరాదు. బోరు నీరు ఆరితే సున్నపు మరకలు మిగులుతాయి. నీడలో కడిగి, మెత్తని తువ్వాలును పరచి అద్ది ఆరబెట్టాలి. దుమ్ముతో ఉన్న కారుపై కవరు కప్పినా గాలికి అది రుద్దుకొని గీతలు పడతాయి.

పడిన గీతలు పోయేదెలా?

హనుమకొండలో ఈ పని తెలిసిన ఒక యువకుడు మాకు వివరించాడు. పాలిష్ గీతను పూడ్చదు; చుట్టూ ఉన్న పూతను గీత అడుగు మట్టం వరకు అరగదీస్తుంది. కనుక పోయిన పూత తిరిగి రాదు. ఏటేటా చేయించదగిన పని కాదది. ముందు కారును కడిగి, క్లే అనే బంకముద్దతో అంటుకున్న కణాలను తీయాలి. తరువాత ఒక చిన్న భాగంలో మెత్తని ప్యాడు, తేలికపాటి పాలిష్‌తో పరీక్షించి, చాలకపోతేనే గట్టిదానికి పోవాలి. తిరుగుతూ అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ యంత్రం కొత్తవారికి క్షేమం. ఒకే కేంద్రంపై వేగంగా తిరిగే యంత్రం అనుభవం లేని చేతిలో అంచుల పూతను కాల్చివేస్తుంది. గోటికి తగిలే లోతైన గీతను పూర్తిగా తీయబూనరాదు. చివర మైనమో సిరామిక్ పూతో వేయవచ్చు. అయితే అవి ఉన్నంత మాత్రాన పొడిగుడ్డ నుండి రక్షణ లేదు.

దాచడమా, చెప్పడమా?

మా పరిచయస్తుడొకరు మరో మార్గం సూచించారు: “గీతలను నింపే గ్లేజ్ పూయించండి హజ్రత్, కొన్నాళ్ళు మెరుస్తుంది. అప్పటికి ఆయన కారు తీసుకుపోతారు.” అది నిజమే. నాలుగైదుసార్లు కడిగేసరికి నింపుడు పోయి గీతలు బయటపడతాయి. పాత కార్ల బేరంలో జరిగేదీ ఇదే. లోపాన్ని దాచి అమ్మడం నిషిద్ధమని విద్యార్థులకు బోధించే మేము, అప్పగించిన వస్తువు లోపాన్ని ఎట్లా దాచగలము?

ఆ రాత్రే దమ్మామ్‌కు ఫోన్ చేసి చెప్పాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “ఇంజను ఒక్కటే చూడమన్నాను గదా మౌలానా” అన్నారు. ఆ మాట సరైనదే. పాలిష్ ఖర్చు మేము భరించాము. బానెట్‌పై రెండు లోతైన గీతలు మాత్రం మిగిలాయి. ఆయన వచ్చిన రోజున వాటిని మేమే వేలు పెట్టి చూపాము. వాటిని ఒకసారి తడిమి చూసి, ఆయన తాళాలు అందుకున్నారు.

సెలవు ముగించుకొని వెళ్ళేటప్పుడు ఆ తాళాలను మళ్ళీ మాకే ఇచ్చారు. ఈసారి వాటితోపాటు రెండు బకెట్లు కూడా.