అనంతపురం ఎర్రనేల: శెనక్కాయ ఎందుకు పండుతుంది, ఎందుకు ఎండుతుంది?

మాది అనంతపురం జిల్లా. "మీ నేల మంచిది కాదు, అందుకే పంట పోతుంది" అని చాలామంది నాతో అంటుంటారు. అది సగమే నిజం.

మా దగ్గర ఎక్కువగా ఉన్నది ఎర్రనేల. ఇసుక పాలు ఎక్కువ, గుల్లగా ఉంటుంది. శెనక్కాయ పూత పూశాక ఊడలు భూమిలోకి దిగాలి, అక్కడే కాయ ఊరాలి. ఎర్రనేలలో అవి సులువుగా దిగుతాయి, పీకేటప్పుడు కాయ కూడా తెగిపోదు.

మరి చిక్కెక్కడ? ఈ నేల చాలాచోట్ల లోతు తక్కువ, నీళ్లు పట్టి ఉంచుకోదు. ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఊడలు దిగే టైంలో మూడు వారాలు వాన రాకపోతే మా నాన్న చేలో చెట్టు ఉంటుంది, కాయ ఉండదు.

అదే ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి చూడండి. తేమ దాచుకుంటుంది. వానలు వెనకబట్టాక కూడా ఆ తేమతోనే పప్పుశనగ పండుతుంది.

అందుకే మేం ఇప్పుడు శెనక్కాయ సాళ్ల మధ్య కంది వేస్తున్నాం. ఆలస్యంగా పడే వాన కూడా కందికి పనికొస్తుంది. ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది.

మీరూ విత్తనం కొనేముందు చేలో రెండు మూడు చోట్ల అడుగు లోతు తవ్వి చూడండి, మట్టి పరీక్ష చేయించండి. పక్కచేను చూసి మాత్రం పంట పెట్టకండి!