వైను ద్రాక్ష: పైతీగ ఒకటి, క్రింది వేరు ఒకటి



ద్రాక్షపండు తిని గింజ ఊసివేస్తాము. ఆ గింజ మొలవక పోదు. మొలుస్తుంది, తీగ పాకుతుంది, కొన్నేళ్ళకు కాస్తుంది కూడాను. అయినా తోట వేసేవారెవరూ గింజ నాటరు. ఎందుచేతనంటే, గింజలో తల్లి గుణాలూ తండ్రి గుణాలూ కలగలిసిపోతాయి. తియ్యని పండు గింజకు పుల్లని కాయ కాయవచ్చును.

ఏనాడో ఒకప్పుడు గింజ మొక్క మేలురకం కావచ్చు. ఎర్ర వైనుకు పేరుపడిన కేబర్నే సావిన్యోన్ అటువంటిదే. కేబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్షకూ, సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్షకూ పుట్టిన సంతానం అది అని 1997లో జన్యు పరీక్ష వల్ల తేలింది. ఆ మొక్కనుండి కొమ్మలు కోసి, వాటినుండి మళ్ళీ కోసి నాటుతూ వచ్చినందువల్లనే ఆ గుణం చెడకుండా నిలిచింది.

కొమ్మముక్కకు వేళ్ళు ఎక్కడివి అని అడుగుతారేమో. బెరడుకూ చేవకూ నడుమ పచ్చని పలుచని పొర వున్నది. దీన్ని కాంబియం అంటారు. తీగ లావెక్కేది ఈ పొరవల్లనే. తేమ, వెచ్చదనం దొరికితే కొత్త వేళ్ళు దీని దగ్గరనే పుడతాయి, ముఖ్యంగా కణుపుల వద్ద. అందుచేత బాగా ముదిరి గోధుమరంగు తిరిగిన, పెన్సిలంత లావు రెమ్మలను ఎన్నుకొని, మూడు నాలుగు కణుపులుండేటట్లు ముక్కలు చేయవలెను. అడుగు కోత కణుపుకు సరిగ్గా క్రింద చదునుగాను, పైకోత కంటికి కాస్త ఎగువన ఏటవాలుగాను వుండాలి. ఇలా కోస్తే తల ఏదో అడుగు ఏదో పొరబడరు. తలక్రిందులుగా నాటిన ముక్క సరిగా బ్రతకదు.

ముక్క నాటితే తోట అయిపోతుంది గదా, మరి అంటు కట్టడం ఎందుకు? దీనికి ఫ్రాన్సు దేశపు కథ ఒకటి చెప్పుకోవాలి. 1860 తరువాతి సంవత్సరాలలో అక్కడి దక్షిణ ప్రాంతంలో ద్రాక్ష తోటలు ఎండిపోసాగినవి. 1868లో ప్లాంషాన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు వేళ్ళు తవ్వి చూడగా పేనువంటి పసుపు పురుగు కనబడింది. దాని పేరు ఫిల్లోక్సెరా. అది అమెరికానుండి వచ్చిన మొక్కలతో చేరింది. అమెరికా అడవి ద్రాక్షలు ఆ పురుగుతోనే పెరిగినవి గనుక వాటి వేళ్ళు తట్టుకొంటాయి. కాని వాటి పండు వైనుకు రుచించదు. కనుక క్రింద అమెరికా వేరు, పైన ఫ్రెంచి తీగ పెట్టి అంటుకట్టారు. రెండింటి కాంబియం పొరలు ఆనుకొంటే చాలు, అతుక్కొని ఒకే మొక్కగా బ్రతుకుతాయి. పండు గుణం పైతీగదే.

అయితే వేరుమూలం ఏదైనా ఒకటే అనుకోరాదు. కాలిఫోర్నియాలోని నాపా, సొనోమా లోయలలో ఏ.ఎక్స్.ఆర్.1 అనే వేరుమూలం విరివిగా వాడారు. అంటు సులువు, దిగుబడి దండి. కాని దానికి ఒక తల్లి ఐరోపా ద్రాక్ష. 1980 దశకంలో ఆ వేళ్ళనూ పురుగు పట్టింది. వేలకొలది ఎకరాలు పెకలించి మళ్ళీ నాటుకోవలసి వచ్చింది. తోట వేసిన తరువాత పందిరి మార్చవచ్చు, ఎరువు మార్చవచ్చు. వేరు మార్చడం మాత్రం సాధ్యం కాదు.

మన దక్కను నేలలో వేరుమూలం వాడడానికి కారణం ఆ పురుగు కాదు, ఉప్పునీరు, నీటి ఎద్దడి. ఒకప్పుడు హైదరాబాదు పరిసరాల అనాబ్-ఇ-షాహీ తోటలు స్వంత వేళ్ళమీదనే పెరిగినవి. తరువాత మహారాష్ట్ర, కర్ణాటక తోటలలో డాగ్‌రిడ్జ్ అనే అమెరికా వేరుమూలం బాగా వాడుకలోకి వచ్చింది. ఉప్పును, కరువును అది ఓర్చుకొంటుంది. కాని తీగను మహా జోరుగా పెంచుతుంది.

వైను ద్రాక్షకు ఈ జోరే చిక్కు. ఏప్రిల్ కత్తిరింపు తరువాత వచ్చే రెమ్మల కళ్ళలోనే అక్టోబరు కత్తిరింపు తరువాతి పంట గుత్తులు రూపుదిద్దుకొంటాయి. ఆకు గుబురై నీడ కమ్మితే ఆ కంటిలో గుత్తికి బదులు నులితీగ తయారవుతుంది. పండుకు రంగు కూడా తగ్గుతుంది. అందుకని నాసిక్ ప్రాంతపు వైను తోటలలో కొంచెం అణకువైన 110 రిక్టర్ వేరుమూలాన్ని కూడా వాడుతున్నారు.

పద్ధతి ఇది. వేళ్ళూనిన మూలపు మొక్కలను జనవరి నుండి మార్చి లోపల పొలంలో నాటండి. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కాండం పెన్సిలు లావు కాగానే, నేలకు సుమారు ఒక అడుగు ఎత్తున కోసి నడిమికి చీల్చండి. రెండు కళ్ళున్న పైకొమ్మను ఆప్పులా చెక్కి, బెరడుకు బెరడు కలిసేటట్లు ఆ చీలికలో దిగవేసి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టండి. అతుకు క్రింద వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి. లేకుంటే క్రింది మొక్కే తోటంతా అవుతుంది. అతుకు మీదకు మట్టి ఎగదోయకూడదు. పైతీగ స్వంత వేళ్ళు వేస్తే పడిన శ్రమంతా వృధా.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు ఏ రకం నాటాలని అడుగుతాడు. అది చెప్పడానికి ముందు అతని బావినీరు, నేలమట్టి పరీక్షకు పంపించండి. పైతీగను కొనేవాడి కోరికనుబట్టి, క్రింది వేరును నేలనుబట్టి ఎంచుకోవాలి.